ఏడాది బడ్జెట్, పదేళ్ల ప్రాజెక్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

నీటిపారుదల శాఖలో డివిజన్ అకౌంట్స్ చూసి రిటైరయ్యాను, సర్వీసులో ఎక్కువ భాగం గోదావరి డెల్టాలోనే గడిచింది. కొత్తగా చేరిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు), నీటి సంఘాల వాళ్లు, గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు, అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా కాలువలవీ ఆనకట్టలవీ ఉంటాయి, నాకు దగ్గరగా తెలిసినవి అవే కాబట్టి. రోడ్డయినా రైల్వే లైనయినా ఆసుపత్రి బిల్డింగయినా లెక్క మాత్రం ఇదే.

పదేళ్లు పట్టే పనికి పదేళ్ల డబ్బూ ఒకేసారి పాస్ చేయించుకోవచ్చు కదా?

కుదరదు. కేంద్రానికి రాజ్యాంగం 112వ అధికరణ, రాష్ట్రాలకి 202వ అధికరణ, రెండూ మాట్లాడేది వార్షిక ఆర్థిక నివేదిక గురించే. శాసనసభ ఓటు వేసేది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా అయ్యే ఖర్చుకి. ఆ ఖర్చుకి సభ అనుమతిచ్చే ద్రవ్య వినిమయ చట్టం లేకుండా సంచిత నిధిలోంచి, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానాలోంచి, పైసా తీయడానికి లేదు. ఇది మంచి కట్టుబాటే అంటాను నేను, ప్రజల డబ్బు ఖర్చుపెట్టేవాడు ఏడాదికోసారి సభ ముందు నిలబడి లెక్క చెప్పాల్సిందే.

గందరగోళం వచ్చేది వేరేచోట. "జీవో వచ్చింది కదండీ, 800 కోట్లకి అనుమతి ఇచ్చారు కదా" అంటారు. ఆ జీవో పరిపాలనా అనుమతి. ఈ పని ఇంత ఖర్చులో చేసుకోవచ్చు అని చెప్పడం, అంతే. దాని వెనక డబ్బు ఉన్నట్టు కాదు. డబ్బు ఏటా బడ్జెట్‌లో ఆ పని పద్దు (ఖర్చు రాసే లెక్క శీర్షిక) కింద పడాలి, పడ్డది విడుదల కావాలి, విడుదలైంది బిల్లుగా చెల్లింపు కావాలి. పెళ్లి ముహూర్తం పెట్టుకోవడం వేరు, కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టడం వేరు.

మార్చి 31 దాటాక మిగిలిన డబ్బు ఏమవుతుంది?

మురిగిపోతుంది. ఈ మాట పేపర్లలో రోజూ చూస్తాం కానీ అర్థం చాలామందికి తెలియదు. డబ్బు ఎక్కడికీ పోదు, ఖజానాలోనే ఉంటుంది (అసలు ఉంటే), దాన్ని ఖర్చుపెట్టే అధికారం మాత్రం పోతుంది. మీ పద్దులో 12 కోట్లు మిగిలితే ఏప్రిల్ 1న ఆ 12 మీవి కావు, కొత్త బడ్జెట్‌లో మళ్లీ అడగాలి, ఆ కొత్త బడ్జెట్ వేసేవాళ్లు "పోయినేడు ఇచ్చిందే ఖర్చుపెట్టలేదు" అని తగ్గిస్తారు. ఖర్చుపెట్టకపోవడానికి కారణం భూసేకరణ కావచ్చు, వరద కావచ్చు, అడవి అనుమతి రాకపోవడం కావచ్చు, బడ్జెట్ కాగితం మీద అదంతా కనపడదు.

బడ్జెట్‌లో 500 కోట్లు అని పేపర్లో వచ్చింది, పని దగ్గర చూస్తే మనిషి లేడు. ఎవరు తిన్నారు?

ఎవరైనా తిన్నారేమో నేను చెప్పలేను, కానీ చాలాసార్లు అసలు రానే రాదు. బడ్జెట్ పుస్తకంలో ఒకే పద్దుకి పక్కపక్కన కాలమ్‌లు ఉంటాయి. 2025-26 పుస్తకం తీస్తే 2023-24 వాస్తవ ఖర్చు, 2024-25 బడ్జెట్ అంచనా, 2024-25 సవరించిన అంచనా, 2025-26 బడ్జెట్ అంచనా. పేపర్లో హెడ్డింగ్ అయ్యేది ఆ చివరిది. పని దగ్గర జరిగిందేమిటో చెప్పేది మొదటిది, అది తెలిసేసరికి రెండేళ్లు గడిచిపోతాయి.

నా సలహా, ఏ ప్రాజెక్టయినా సరే నాలుగైదేళ్ల పుస్తకాలు ముందు పెట్టుకుని అంచనా కాలమ్, వాస్తవ ఖర్చు కాలమ్ పక్కపక్కన ఒక కాగితం మీద రాయండి. అరగంట పని. ఏటా 300 రాసి 90 ఖర్చుపెడుతున్నారంటే ఈ ఏడు 500 అన్నా దాన్ని 500గా నమ్మకూడదు.

ఇంకొకటి, ఆ 500లో ఎంత పాత బిల్లులకే పోతుందో చూడాలి. పోయినేడు చేసిన పనికి 350 కోట్ల బిల్లులు పెండింగ్‌లో ఉంటే కొత్త పనికి మిగిలేది 150. దీన్ని ఎవరూ విడమరిచి చెప్పరు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండలు కాస్తాయి, కాలువలు ఖాళీగా ఉంటాయి, పని చేయడానికి అంతకన్నా మంచి టైమ్ ఏముంది? అప్పుడే ఎందుకు ఆగిపోతుంది?

ఈ పేజీ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టే ప్రశ్న ఇదే.

డెల్టాలో దాళ్వా (రబీ వరి) నీళ్లు అయిపోయాక ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో సార్వాకి (ఖరీఫ్ వరికి) మళ్లీ వదులుతారు. మధ్యలో దొరికేది నలభై, యాభై రోజులు. లాకు బాగుచేయాలన్నా, షట్టర్లు మార్చాలన్నా, కాలువ అడుగున లైనింగ్ వేయాలన్నా, పూడిక తీయాలన్నా ఆ రోజుల్లోనే. పెద్ద ఆనకట్టలకయితే గోదావరి వరద తగ్గాక నవంబరు నుంచి మళ్లీ జూన్ దాకా సీజను. ఇప్పుడు బడ్జెట్ ఏడాదిని దీని మీద పెట్టి చూడండి. మార్చి 31 గీత సరిగ్గా సీజను నడిమధ్యలో పడుతుంది, డెల్టా పనులకయితే సీజను మొదలవడానికి రెండు వారాల ముందు పడుతుంది. పాత ఏడాది డబ్బు మురిగిపోతుంది, కొత్త ఏడాది డబ్బు పద్దులవారీగా కిందిదాకా దిగడానికి నెలో రెండు నెలలో పడుతుంది. పని చేయగలిగిన రోజుల్లో డబ్బుండదు, డబ్బు వచ్చే రోజుల్లో కాలువ నిండా నీళ్లుంటాయి.

నేను చూసింది ఒకటి చెబుతాను. ఒక కాలువ మీద రెగ్యులేటర్‌కి (నీటిని ఆపి, వదిలే కట్టడానికి) కొత్త షట్టర్లు మంజూరయ్యాయి. కాంట్రాక్టర్ ఫ్యాబ్రికేషన్ చేయించి మార్చి రెండో వారంలో లారీలో తెచ్చి గట్టు మీద దింపాడు. ఏఈ ఎం-బుక్కులో (పని కొలతల పుస్తకంలో) కొలతలు రాశాడు, ఆయన పై ఇంజనీరు డీఈ గారు చెక్ మెజర్‌మెంట్ చేశారు, నేను లెక్కలు సరిచూసి బిల్లు పంపాను, పద్దెనిమిది లక్షల చిల్లర. మార్చి 31 రాత్రి పదకొండున్నర దాకా ఆఫీసులో కూర్చున్నాం, బిల్లు కదల్లేదు. తెల్లారేసరికి వెనక్కి వచ్చింది, కొత్త ఏడాదిలో మళ్లీ పెట్టుకోమని. ఏప్రిల్‌లో అనుకున్న తేదీకే కాలువ కట్టేశారు. కాంట్రాక్టర్ క్రేన్ తీసుకురాలేదు, తెచ్చిన సరుకుకే డబ్బు రాలేదు కదా, ఆయన్ని ఏమనగలం? జూన్‌లో నీళ్లు వదిలేశారు. ఆ నాలుగు షట్టర్లు గట్టు మీద అలాగే ఉన్నాయి, వానలకి ఎర్ర ఆక్సైడ్ రంగు పొరలు పొరలుగా లేచిపోయింది, లస్కరు (కాలువ కాపలా మనిషి) వాటి చుట్టూ మొలిచిన కిక్కిస గడ్డి కోసి శుభ్రం చేసేవాడు. జులైలో శివారు ఊరి నుంచి నలుగురు రైతులు వచ్చారు, నారుమళ్లు ఎండుతున్నాయని. వాళ్లలో పెద్దాయన ఒక్కటే అడిగాడు. "గేట్లు ఇక్కడే ఉన్నాయి కదండీ, బిగించడానికి ఏమొచ్చిందండీ?" బిల్లు సంగతి, పద్దు సంగతి చెప్పబోయి ఆగిపోయాను. ఆయన పొలానికి పద్దుతో ఏం సంబంధం? బిల్లు ఆలస్యమైంది మూడు నెలలు, పని ఆలస్యమైంది పూర్తిగా ఏడాది.

ప్లానింగ్ అంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది. సీజను తప్పితే ఆలస్యాన్ని నెలల్లో కొలవలేం, ఏళ్లలోనే కొలవాలి.

ఎన్నికల ఏడాదిలో ఏం జరుగుతుంది?

పూర్తి బడ్జెట్ బదులు ఓట్ ఆన్ అకౌంట్ పెడతారు, అంటే కొన్ని నెలలకి సరిపడా ఖర్చుకి ముందస్తు అనుమతి, 206వ అధికరణ కింద. జీతాలు, పింఛన్లు, నడుస్తున్న పనులు సాగుతాయి, కొత్తవాటికి దారి ఉండదు.

2024 చూడండి. తెలంగాణలో ఫిబ్రవరిలో ఓట్ ఆన్ అకౌంట్ పెట్టి జులై 25న పూర్తి బడ్జెట్ పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ నుంచి జులై దాకా ఓట్ ఆన్ అకౌంట్, ఆ తర్వాత ఆర్డినెన్స్‌తో ఇంకో నాలుగు నెలలు, పూర్తి బడ్జెట్ సభకి వచ్చింది నవంబరు 11న. ఏడాదిలో నాలుగున్నర నెలలు మిగిలి ఉండగా ఏడాది బడ్జెట్! దానికి కారణాలు ఉన్నాయి, నేను రాజకీయం మాట్లాడటం లేదు. ప్లాన్ వేసేవాళ్లు మాత్రం ఐదేళ్లలో ఒక ఏడాది ఇలా ఉంటుందని ముందే రాసిపెట్టుకోవాలి. ఎన్నికల తేదీ దాదాపు అందరికీ ముందే తెలుసు. అయినా పదేళ్ల ప్రాజెక్టు షెడ్యూల్ తీస్తే పది ఏళ్లూ ఒకేలా గీసి ఉంటాయి.

ఏటా కొద్దికొద్దిగా ఇచ్చినా ఏదో ఒకనాటికి పూర్తవుతుంది కదా?

అవ్వకపోవచ్చు. నేను మాటవరసకి అనడం లేదు, లెక్క వేసి చూడండి.

మిగిలిన పని విలువ 1,000 కోట్లు అనుకుందాం. సిమెంటు, స్టీలు, డీజిల్, కూలి, భూమి కలిపి ఏటా 6 శాతం పెరుగుతాయి అనుకుందాం. ఏటా 50 కోట్లు ఇచ్చారు. మొదటి ఏడాది 50 ఖర్చయింది, 950 మిగిలింది, దాని మీద 6 శాతం పెరిగితే 1,007. ఏడాదంతా పని చేసి, యాభై కోట్లు ఖర్చుపెట్టి, మొదలుపెట్టినచోట కన్నా ఏడు కోట్లు వెనక్కి వెళ్లాం. ఇలా వందేళ్లు ఇచ్చినా పూర్తికాదు. అదే ఏటా 100 కోట్లు ఇస్తే పదేళ్లనుకున్నది పదిహేనో ఏట పూర్తవుతుంది. 200 ఇస్తే ఐదేళ్లనుకున్నది ఆరో ఏట.

అందుకే ఐదు ప్రాజెక్టులకి తలా 50 ఇవ్వడం కన్నా ఒకదాని తర్వాత ఒకదానికి 250 ఇవ్వడం ఎప్పుడూ మేలు. ఇది ప్రతి ఇంజనీరుకీ తెలుసు. కానీ ఐదు నియోజకవర్గాల్లో ఐదు శంకుస్థాపన రాళ్లు ఉన్నప్పుడు నాలుగింటిని ఆపమని చెప్పడానికి చాలా ధైర్యం కావాలి, ఆ ధైర్యం లేక ఐదూ మూలన పడతాయి.

ఇలా ఏళ్లకేళ్లు సాగిన పనులు చూడండి. అప్పటి ప్రకాశం జిల్లా వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన 1996లో జరిగింది. కోటిపల్లి–నర్సాపురం రైల్వే లైను 2000-01లో మంజూరైంది, పొడవు 57 కిలోమీటర్లే, దారిలో గోదావరి పాయల మీద వంతెనలు మాత్రం పెద్దవి. రైల్వే పింక్ బుక్కులో (పనులవారీ కేటాయింపుల పుస్తకంలో) కొన్ని లైన్ల పక్కన వెయ్యి రూపాయలు అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. వెయ్యితో కంకర లారీ కూడా రాదు. ఆ లైను జాబితాలోంచి పోకుండా పద్దుని బతికించి ఉంచడానికి వేసే టోకెన్ అది.

ఏటేటా ఇచ్చే డబ్బుతో పెద్ద పని అసలు కాదు అని కూడా అనుకోవద్దు. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. పన్నెండేళ్లు. అప్పుడూ ఏడాది బడ్జెట్లే, అప్పుడూ మార్చి 31 ఉంది, మధ్యలో రెండు యుద్ధాలు కూడా వచ్చాయి.

పోలవరం జాతీయ ప్రాజెక్టు కదా, కేంద్రం ఇస్తుంటే దానికీ ఇదే గొడవా?

దానికి ఇంకో మెలిక కూడా ఉంది. 2014 పునర్విభజన చట్టం 90వ సెక్షన్ దాన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది. కానీ చాలా ఏళ్లు డబ్బు వచ్చిన పద్ధతి రీయింబర్స్‌మెంట్, అంటే రాష్ట్రం ముందు తన బడ్జెట్‌లోంచి ఖర్చుపెట్టాలి, బిల్లులు పోలవరం ప్రాజెక్టు అథారిటీకి పంపాలి, వాళ్లు పరిశీలించి సిఫారసు చేయాలి, తర్వాత కేంద్రం తన బడ్జెట్‌లోంచి ఇవ్వాలి. రెండు ప్రభుత్వాలు, రెండు బడ్జెట్లు, రెండు మార్చి 31లు. ఈ మధ్య అడ్వాన్సుగా ఇవ్వడం మొదలైంది, అది ఎంతో ఊరట.

ధర సంగతి చూస్తే 2010-11 ధరల్లో 16,010 కోట్లు, 2017-18 ధరల్లో 55,548 కోట్లు. పెరిగినదంతా కాంక్రీటు అనుకోకండి, సగానికి పైగా భూసేకరణ, పునరావాసమే, 2013 భూసేకరణ చట్టం వచ్చాక నిర్వాసితులకి న్యాయంగా ఇవ్వాల్సింది పెరిగింది. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 41.15 మీటర్ల దాకా నీళ్లు నిలిపే దశకి 30,436.95 కోట్లతో ఆమోదం ఇచ్చింది.

సీజను తప్పితే ఏమవుతుందో కూడా అక్కడే కనపడుతుంది. నది అడుగున నీళ్లు ఊరిపోకుండా కట్టిన గోడ, డయాఫ్రం వాల్, 2019, 2020 వరదలకి దెబ్బతింది. తప్పు ఎవరిదన్నదాని మీద ఎన్నో వాదనలున్నాయి, వాటిలోకి పోను. కొత్త గోడ పని మొదలైంది 2025 జనవరిలో. నదిలో ఒక వరుసలో జరగాల్సిన పనులు ఉంటాయి, కాఫర్ డ్యామ్ (పని జరిగేచోటికి నీళ్లు రాకుండా వేసే తాత్కాలిక కట్ట) ఒక వేసవిలో ఒక ఎత్తుకి రాకపోతే వచ్చే జులైలో గోదావరి మన ఫైలు కోసం ఆగదు.

అప్పు తెచ్చి, కార్పొరేషన్ పెట్టి చేస్తే ఈ బాధ తప్పుతుందా?

కొంత తప్పుతుంది, తర్వాత ఇంకో రూపంలో వస్తుంది. తెలంగాణలో కాళేశ్వరానికి అదే చేశారు, ప్రత్యేక కార్పొరేషన్ పెట్టి బ్యాంకుల నుంచీ ఆర్థిక సంస్థల నుంచీ అప్పు తెచ్చారు. కార్పొరేషన్ ఖాతాలో డబ్బు మార్చి 31న మురిగిపోదు, అందుకే పనులు వేగంగా నడిచాయి, అది ఒప్పుకోవాలి. కానీ కార్పొరేషన్‌కి చెప్పుకోదగ్గ ఆదాయం లేనప్పుడు అసలూ వడ్డీ కట్టేది రాష్ట్ర బడ్జెట్టే. పైగా 2022 నుంచి కేంద్రం ఇలాంటి బడ్జెట్ బయటి అప్పుల్ని కూడా రాష్ట్రం అప్పు పరిమితిలో కలిపి లెక్కిస్తోంది. ఇంకో నష్టం కూడా ఉంది. ఏటా సభకి రావాల్సిన లెక్క అంత వివరంగా రాదు, ప్రశ్నలు తగ్గుతాయి. పెద్ద పనిలో ప్రశ్నలు తగ్గడం నాకు ఎప్పుడూ భయమే.

చిన్న, మధ్య తరహా పనులకి నాబార్డు ఆర్‌ఐడీఎఫ్ (గ్రామీణ మౌలిక వసతుల నిధి) అప్పు మంచి దారి. 1995-96 నుంచి ఉంది, పనివారీగా మంజూరు చేస్తారు, గడువు ఏళ్లలో ఉంటుంది. అయితే అక్కడ కూడా పని చేసి చూపిస్తేనే డబ్బు, రాష్ట్రం వాటా బడ్జెట్‌లో పడితేనే కదలిక. 2020-21 నుంచి కేంద్రం రాష్ట్రాలకి ఇస్తున్న 50 ఏళ్ల వడ్డీ లేని అప్పు కూడా పెట్టుబడి పనులకే, కానీ గడువు బిగువుగా ఉంటుంది, అదే ఆర్థిక సంవత్సరంలో వాడాలంటారు. టెండరు పూర్తయి సిద్ధంగా ఉన్న పనులు చేతిలో ఉన్న శాఖే దాన్ని అందుకోగలదు.

మార్చిలో హడావిడిగా ఖర్చుపెట్టడం అంత తప్పా? లేకపోతే మురిగిపోతుంది అంటున్నారు కదా?

నిజంగా జరిగిన పనికి మార్చిలో బిల్లు ఇవ్వడం తప్పు కాదు. కేంద్రం తన శాఖలకి చివరి త్రైమాసికంలో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించకూడదని పరిమితి పెట్టుకుంది, ఆ ఆలోచన మంచిదే.

జరగని పనిని జరిగినట్టు ఎం-బుక్కులో రాయడం మాత్రం నేరం. "డబ్బు కాపాడుకుందాం సార్, ఏప్రిల్‌లో పని చేయించేస్తాం" అని మంచి ఉద్దేశంతోనే అడుగుతారు, అడిగేవాళ్లు దొంగలు కానక్కర్లేదు. కానీ ఏప్రిల్‌లో ఏఈకి బదిలీ అవుతుంది, కాంట్రాక్టర్‌కి వేరే పని తగులుతుంది, ఆ కాలువలో వేయని లైనింగ్ కాగితం మీద వేసినట్టు ఉండిపోతుంది, తర్వాత ఎవరైనా అక్కడ లైనింగ్ అడిగితే "ఇప్పటికే చేశాం" అని రికార్డు చెబుతుంది. ఆ శివారు రైతుకి ఆ అన్యాయం ఎప్పటికీ సరికాదు. కుర్ర ఏఈలకి చేతులు పట్టుకుని చెబుతున్నాను, డబ్బు మురిగిపోతే పోనీ, సంతకం మాత్రం పెట్టకండి.

పీడీ ఖాతాలోకి (అధికారి పేరున ఖజానాలో ఉండే డిపాజిట్ ఖాతాలోకి) డబ్బు మళ్లించి ఏడాది దాటించడం ఇంకో అలవాటు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికల్లో దీని మీద అభ్యంతరాలు తరచూ వస్తుంటాయి, లెక్కల్లో ఖర్చయినట్టు కనపడుతుంది, నేల మీద పని ఉండదు.

మురిగిపోని నిధి ఒకటి పెట్టొచ్చు కదా?

పెట్టారు, కొన్నిచోట్ల. ఈశాన్య రాష్ట్రాల కోసం 1998లో కేంద్రం అలాంటి నిధి పెట్టింది, మంత్రిత్వ శాఖలు ఈశాన్యానికి ఇవ్వాల్సిన 10 శాతంలో ఖర్చుకానిది అందులో చేరేది. రైల్వేలో 2017-18లో ఐదేళ్లకి లక్ష కోట్ల లక్ష్యంతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ పెట్టారు, పట్టాల మార్పు లాంటి భద్రతా పనులకి. రాష్ట్రంలో కాలువల మరమ్మతుకి, ఆనకట్టల గేట్లకి ఇలాంటిది తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం. పెద్దగా అక్కర్లేదు, డెల్టా కాలువలు కట్టేసే ఆ యాభై రోజుల పనికి సరిపడా, మార్చి 31 దాటినా చావని డబ్బు ఉంటే చాలు. అయితే నిధి పెట్టినంత మాత్రాన సరిపోదు, అందులోకి ఏటా డబ్బు వేయాలి కదా.

ఆర్థిక సంవత్సరాన్నే మార్చేస్తే?

పాత చర్చే. మనకి ఏప్రిల్–మార్చి పద్ధతి 1867 నుంచి నడుస్తోంది. 1980లలో ఎల్.కె. ఝా కమిటీ జనవరి–డిసెంబరు చేయమని చెప్పింది, రుతుపవనాల సంగతి తేలాక బడ్జెట్ వేసుకోవచ్చని. జరగలేదు. 2017లో మాత్రం కేంద్ర బడ్జెట్‌ని ఫిబ్రవరి 1కి జరిపారు, మార్చి 31లోపే ఆమోదం పూర్తయి ఏప్రిల్ నుంచే ఖర్చు మొదలుపెట్టడానికి. అది నిజంగా పనికొచ్చిన మార్పు. జనవరికి మార్చినా డిసెంబరు 31 నవంబరు–జూన్ సీజను మధ్యలోనే పడుతుంది. డెల్టాకి మాత్రం బాగుంటుంది, ఏప్రిల్‌కల్లా డబ్బు కిందికి దిగి ఉంటుంది.

సప్లిమెంటరీ డిమాండ్ అంటే? పంచవర్ష ప్రణాళికలు పోయాయి కదా, ఇప్పుడు దీర్ఘకాలం ఎవరు చూస్తారు?

ఏడాది మధ్యలో అదనంగా కావాలని సభని అడగడం సప్లిమెంటరీ, 205వ అధికరణ. పన్నెండో ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది, తర్వాత పదమూడోది లేదు. ఇప్పుడు ఎఫ్‌ఆర్‌బీఎం (ప్రభుత్వ అప్పులకి, లోటుకి హద్దు పెట్టే) చట్టాల కింద బడ్జెట్‌తోపాటు మధ్యకాలిక అంచనాల పత్రం పెడతారు, అది ఎవరినీ కట్టిపడేయదు. చదివి ఉంచుకోండి, అంతకుమించి ఆశపెట్టుకోకండి.

నేను ఫీల్డులో ఏఈని / ఈఈని (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌ని). బడ్జెట్ నా చేతిలో లేదు. నేను ఏం ప్లాన్ చేయగలను?

చాలా చేయగలరు. ముందు గోడ మీద క్యాలెండర్ పెట్టి వెనక నుంచి లెక్కపెట్టండి. ఏప్రిల్ 15న కాలువ కట్టేస్తారంటే ఆ రోజుకి సరుకు, మిషన్లు గట్టు మీద ఉండాలి. అంటే జనవరికి అగ్రిమెంటు, అంటే నవంబరుకి టెండరు, అంటే దసరాలోపు సాంకేతిక అనుమతి, అంటే ఎస్టిమేట్ వానాకాలంలోనే. కాలువ నిండా నీళ్లున్నప్పుడు మనకి పని లేదనుకుంటాం, వచ్చే వేసవి పని అంతా అప్పుడే చేయాలి. ఈ పనికి సరుకు డబ్బు ఈ ఏడాది, బిగింపు డబ్బు వచ్చే ఏడాది అవుతుంది, కాబట్టి రెండు బడ్జెట్ ప్రతిపాదనల్లోనూ అది కనపడాలి. చాలామంది ఒకదాంట్లోనే రాస్తారు.

తర్వాత బాకీల రిజిస్టరు. ప్రతి అగ్రిమెంటుకీ మొత్తం విలువ, ఇప్పటిదాకా చెల్లించింది, చేసిన పనికి చెల్లించాల్సింది, ఇంకా చేయాల్సింది, ఈ నాలుగూ ప్రతి నెలా రాయండి. ఎక్సెల్ షీట్ చాలు. ఈ కాగితం ఉన్న డివిజన్‌కి సవరించిన అంచనాల సమయంలో, పక్క డివిజన్‌లో మిగిలిన డబ్బు మళ్లించే సమయంలో మొదట పిలుపు వస్తుంది, ఎందుకంటే అడిగిన గంటలో లెక్క ఇవ్వగలుగుతారు.

పనిని ముక్కలు చేయాల్సి వస్తే వాడుకోదగ్గ ముక్కలుగా చేయండి. ఐదు డిస్ట్రిబ్యూటరీలు (పిల్లకాలువలు) తలా ఇరవై శాతం తవ్వడం కన్నా ఒకదాన్ని తలనుంచి శివారు దాకా, తూములతో సహా పూర్తిచేయండి. రేపు డబ్బు ఆగినా ఆ ఒక్క కాలువ కింద పంట పండుతుంది. సగం తవ్వి వదిలిన కాలువ రెండు వానాకాలాల్లో పూడిపోతుంది, ముళ్లకంప మొలుస్తుంది, మళ్లీ పూడికతీతకి ఎస్టిమేట్ వేయాలి.

అలాగే ఎక్కడ ఆగినా ప్రమాదం లేని దశలో ఆగేట్టు చూసుకోండి. గట్టుకి గండి కొట్టి పైపు వేసే పని మేలో మొదలుపెట్టి జూన్‌లో డబ్బు లేదని వదిలేస్తే ఊరు మునుగుతుంది. పూర్తిచేయడానికి చేతిలో డబ్బు ఖాయం కాకపోతే గండి కొట్టనే వద్దు.

భూమి చేతికి రాకుండా టెండరు పిలవొద్దు, అడవి భూమయితే మరీనూ. కాంట్రాక్టర్‌కి మొబిలైజేషన్ అడ్వాన్సు (పని మొదలుపెట్టడానికి ముందుగా ఇచ్చే డబ్బు) ఇచ్చి భూమి ఇవ్వలేకపోతే డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది, గడువు పొడిగింపులు, ధరల సర్దుబాటు, చివరికి కోర్టు. ఉమ్మడి రాష్ట్రంలో చేపట్టిన సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమం జలయజ్ఞం మీద కాగ్ 2012లో ఇచ్చిన నివేదిక తిరగేయండి, 86 ప్రాజెక్టులు, 1.86 లక్షల కోట్లు, అందులో ఇలాంటి కథలే వరుసగా కనపడతాయి.

మేము నీటి సంఘం వాళ్లం. అధికారులని ఏమని అడగాలి?

"మా కాలువకి ఎంత కేటాయించారు" అని అడగొద్దు, దానికి ఒక అంకె చెప్పి పంపించేస్తారు. ఇలా అడగండి. పోయినేడు ఎంత చెల్లించారు? ఇప్పుడు పెండింగ్ బిల్లులు ఎంత? కాలువ కట్టేసే నాటికి అగ్రిమెంటు అయ్యుంటుందా? సరుకు ఎప్పుడు దిగుతుంది? ఈ నాలుగింటికీ సమాధానం రాకపోతే ఆ ఏడాది పని జరగదని మీకు జనవరిలోనే తెలిసిపోతుంది, అప్పుడు ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్లడానికి ఇంకా టైమ్ ఉంటుంది. జూన్‌లో వెళితే ఆయన మాత్రం ఏం చేస్తారు? కాగ్ ఏటా ఇచ్చే ఫైనాన్స్ అకౌంట్స్ రెండో సంపుటంలో అసంపూర్తి పనుల జాబితా ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది, మీ ఊళ్లో డిగ్రీ చదివే పిల్లల చేత వెతికించండి, మీ ప్రాజెక్టు పేరు అక్కడ ఉందేమో.

ఆ షట్టర్లు చివరికి బిగించారా?

ఇది చాలామంది అడిగారు, అందుకే చేర్చాను. బిగించారు, తర్వాతి ఏడాది మే నెలలో. రంగు మళ్లీ వేయించాల్సి వచ్చింది, రబ్బరు సీళ్లు ఎండకి పగిలిపోతే కొత్తవి తెప్పించాం, దానికి వేరే ఎస్టిమేట్. ఆ జూన్‌లో శివారుకి నీళ్లు వెళ్లాయి.